కారు చక్రం ఎందుకు మూలుగుతుంది?

పిల్లలూ, మీలో ఎద్దుబండి ఎక్కినవారు ఎంతమంది ఉన్నారు? చాలా తక్కువమందే ఉంటారనుకుంటాను. మా చిన్నతనంలో బాపట్ల చుట్టుపక్కల పల్లెలలో ఎటు చూసినా బండ్లే కనిపించేవి. బండి కింద ఒక వెదురుగొట్టం వేలాడుతూ ఉండేది. అందులో కందెన ఉండేది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి దానిని తయారుచేసేవారు. దారిలో చక్రం కీచుమన్నదంటే బండివాడు వెంటనే దిగి, చీల ఊడదీసి, చక్రాన్ని కాస్త బయటకు జరిపి, ఇరుసుకు కందెన పూసేవాడు. రెండు చక్రాలలో అరిచినది ఏదో అతడు కంటితో చూసి కాదు, చెవితో విని చెప్పేవాడు.

కారుకు నాలుగు చక్రాలు. ఆపైన ఇంజను మోత, గాలి మోత, రోడ్డు మోత. అందులో ఒక చక్రం మూలుగుతూ ఉంటే అది ఏదో కనుక్కోవటం బండివాడి పనికన్న కష్టం. ఆ కష్టం నేను ఈ మధ్యనే పడ్డాను. పడటమే కాదు, ముప్పైయేళ్లకు పైగా లెక్కలూ సైన్సూ చెప్పిన నేను పదేళ్ల మనమరాలి ముందు తప్పులో కాలు వేశాను. ఆ సంగతి చెబుతాను గాని, ముందు చక్రం నడిబొడ్డులో ఏమున్నదో చూడాలి.

బండిచక్రంలో కుండ లోపలి ఇనుము ఇరుసుమీద రాసుకుంటూ తిరుగుతుంది. రాపిడి ఎక్కువ. అందుకే అంత కందెన కావలసివచ్చేది. రాసుకోవటానికి బదులు దొర్లేటట్లు చేస్తే రాపిడి చాలా తగ్గుతుంది. బరువైన బీరువాను నేలమీద ఈడ్చి చూడండి, తరువాత దాని కింద నాలుగు గుండ్రని కర్రలు వేసి తోయండి, తేడా మీకే తెలుస్తుంది. ఇదే ఉపాయంతో 1794లో వేల్సు దేశంలో ఫిలిప్ వాన్ అనే ఆయన గుర్రపుబండి ఇరుసుకు ఇనుప గోళీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1869లో పారిస్ నగరంలో జూల్ సురిరే అనే ఆయన సైకిలు చక్రాలకు గోళీల బేరింగులు పెట్టాడు. మీ సైకిలు చక్రం విప్పినప్పుడు జిడ్డులో మెరుస్తూ రాలిపడే ఉక్కుగోళీలు ఆ వంశంలోనివే.

కారు బేరింగులో రెండు ఉక్కు వలయాలుంటాయి, ఒకదానిలో ఒకటి. మధ్య గాడిలో గోళీలు. వాటికి గ్రీజు. ఆ గ్రీజు బయటకు పోకుండా, నీరు లోపలికి రాకుండా కాపలా కాసే రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. కారు ముందుభాగం బరువంతా ఈ గోళీలమీదనే ఉంటుంది. గోళీ వలయాన్ని తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. అంత చిన్న చోటున అంత బరువు ఆనుతున్నది కనుక ఆ గాడి అద్దంలా నున్నగా ఉండాలి. నీరో ఇసుకో లోపలికి పోతే గ్రీజు పాడవుతుంది, ఉక్కు తుప్పుపడుతుంది, నున్నని గాడిలో పొక్కులు లేస్తాయి. పాత గోడకు సున్నం పెచ్చులూడినట్లు ఉక్కు కూడా పెచ్చులూడుతుంది. నేను కథలు అల్లటం లేదు, పాడైన బేరింగు దొరికితే భూతద్దం పెట్టి చూడండి.

గాడిలో ఒకచోట గుంట పడిందనుకోండి. దానిమీదుగా గోళీ వెళ్లినప్పుడల్లా చిన్న దెబ్బ పడుతుంది. మరి ఆ దెబ్బలు మూలుగుగా ఎందుకు వినిపిస్తాయి? దానికి ఒక లెక్క ఉన్నది. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మా కారు టైరు అడ్డకొలత సుమారు 51 సెంటీమీటర్లు. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే కారు సుమారు 1.6 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. కనుక చక్రం సెకనుకు 10 చుట్లకన్న కొంచెం ఎక్కువ తిరుగుతుంది. గోళీలు కూడా అంతే వేగంగా చుట్టి వస్తాయా? రావు. బల్లమీద రెండు గుండ్రని పెన్సిళ్లు పెట్టి, వాటిమీద పుస్తకం ఉంచి మెల్లగా తోయండి. పుస్తకం ఒక జానెడు జరిగేసరికి పెన్సిళ్లు అర జానెడే జరుగుతాయి. బేరింగులో లోపలి వలయం చిన్నది కనుక గోళీలు సగంకన్న కూడా కొంచెం వెనకబడతాయి. చక్రం 10 చుట్లు తిరిగితే గోళీల వరస సుమారు 4 చుట్లు తిరుగుతుంది. బయటి వలయం కదలకుండా ఉంటుంది. దానిలో ఒక గుంట ఉండి, గోళీలు 9 అనుకుంటే, సెకనుకు 4 తొమ్మిదులు 36 దెబ్బలు!

సెకనుకు ఇరవైకి లోపు దెబ్బలైతే మన చెవి వాటిని దాదాపు విడివిడిగా వింటుంది. అంతకు మించితే అన్నీ కలిసి ఒకే ధ్వని అవుతాయి. అందుచేతనే పాడైన బేరింగు 20 కిలోమీటర్ల వేగంలో గుడగుడమంటుంది, 60కి వచ్చేసరికి "ఊఁ..." అని మూలుగు అందుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ శ్రుతి పెరుగుతుంది.

ఇక నా కథ. మాకు 1998నాటి మారుతి 800 కారు ఒకటి ఉన్నది. ఆ రకం కార్లు 1983 డిసెంబరులో రోడ్డెక్కాయి, 2014లో తయారీ ఆగిపోయింది. మాది ఇంకా నడుస్తూనే ఉన్నది, నడవవలసిన అవసరమూ ఉన్నది. మా ఇంటావిడకు కంటిలో మధుమేహం వల్ల వచ్చిన జబ్బుకు నెలకొకసారి గుంటూరులో ఇంజెక్షను చేయిస్తున్నాము. ఇంజెక్షను అయిన తరువాత కంటికి కట్టుతో, నీరు కారుతూ బస్సులో నిలబడి రావటం మాటలు కాదు. ఒక నెల తప్పితే చూపు మందగిస్తుందని డాక్టరుగారు హెచ్చరించారు. కనుక ఆ కారు మాకు షోకు కాదు.

ఒక వానాకాలంలో పొన్నూరు దారిలో చక్రాలు సగం మునిగే నీటిలోనుంచి కారు నడిపాను. నడపకుండా ఉండవలసింది. రెండు నెలలకు కారు మూలగటం మొదలుపెట్టింది. అదే సమయంలో బ్రేకు తొక్కినప్పుడు కీచుమని కూడా అరిచేది. రెండు శబ్దాలు ఒకే జబ్బువల్లనని నేను అనుకున్నాను. అది మొదటి తప్పు. నేను కుడివైపు కూర్చుని నడుపుతాను కనుక మూలుగు కుడివైపునుంచి వస్తున్నట్లు తోచింది. అది రెండో తప్పు. కారు శరీరమంతా ఇనుపరేకు. ధ్వని ఒక మూల పుట్టి ఇంకొక మూల మోగగలదు.

షెడ్డుకు తీసుకువెళ్లాను. మెకానిక్కు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. "ఒకసారి నడిపి చూద్దామండీ మాస్టారూ," అన్నాడు.

"చూసేదేమున్నదిరా? కుడి ముందుచక్రం బేరింగు. మార్చెయ్," అన్నాను.

వాడు మరి మాట్లాడలేదు. మార్చాడు. తీసిన పాత బేరింగును వేలిమీద తిప్పి చూశాడు. అది చప్పుడు లేకుండా నున్నగా తిరిగింది. వాడు నావంక చూసి, తల వంచుకొని దానిని పక్కన పెట్టాడు. బడిలో నేను నేర్పిన భయభక్తులు ఆనాడు నాకు రెండు వేల రూపాయల ఖర్చు తెచ్చిపెట్టాయి! మర్నాడు కారు మునుపటిలాగే మూలిగింది.

దసరా సెలవులకు మనమరాలు వచ్చింది. వెనక సీటులో కళ్లు మూసుకొని పడుకొని, "తాతయ్యా, కారు కుడివైపు వంపు తిరిగినప్పుడు గట్టిగా మూలుగుతున్నది. ఎడమవైపు తిరిగితే ఊరుకుంటున్నది," అన్నది.

"కుడిచక్రం కొత్తదే అమ్మా, నీకు తెలియదు, పడుకో," అన్నాను. నాలుగు ఫర్లాంగులు పోయిన తరువాత గాని నా బుర్ర పనిచేయలేదు. కారు పక్కకు తీసి ఆపాను.

మీరు బస్సులో నిలబడి ఉండగా బస్సు కుడివైపు తిరిగితే మీరు ఎటు ఒరుగుతారు? ఎడమవైపు. కారు కూడా అంతే. కుడివైపు తిరిగేటప్పుడు దాని బరువు ఎడమచక్రాలమీద ఎక్కువ పడుతుంది. బరువు పెరిగితే పాడైన బేరింగు గట్టిగా మూలుగుతుంది, బరువు తగ్గితే మెత్తబడుతుంది. అంటే జబ్బు ఎడమ చక్రానిది! ఆ పిల్ల చెప్పినది నూటికి నూరుపాళ్లు సరైన సాక్ష్యం. దానిని తోసిపుచ్చినవాడిని నేను. (చాలాసార్లు ఈ పరీక్ష నిజం చెబుతుంది గాని, ఒక్కొక్కప్పుడు మోసపుచ్చుతుంది. కనుక ఈ ఒక్క దానితో తీర్పు చెప్పకూడదు.)

మర్నాడు మెకానిక్కును పిలిచి, "నువ్వు అన్నట్లే మొదటినుంచీ చూద్దాం," అన్నాను. ఖాళీ రోడ్డుమీద వాడు నడిపాడు, పక్కన నేను, వెనక మనమరాలు కాగితం పట్టుకొని.

మొదట 60 వేగంలో గేరు తీసి న్యూట్రలులో వదిలాడు. ఇంజను మోత తగ్గింది, మూలుగు తగ్గలేదు. కనుక ఇంజను నిర్దోషి. తరువాత గరుకు తారురోడ్డు వదిలి నున్నని సిమెంటురోడ్డు ఎక్కాము. టైరు మోత అయితే రోడ్డు మారగానే స్వరం మారుతుంది. ఇది మారలేదు. అరిగిన టైరు అచ్చం బేరింగులాగే మూలుగుతుంది సుమా, చాలామంది అక్కడే పొరబడతారు. అప్పుడు ముందు టైర్లను వెనకకు మార్చి చూస్తే మూలుగు కూడా వెనకకు పోతుందా లేదా తేలిపోతుంది. ఆ తరువాత స్టీరింగు బాగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపాడు. ఇంజను ముందుచక్రాలను తిప్పే కార్లలో ఇరుసు చివరి కీలు అరిగితే అప్పుడు "టక్ టక్ టక్" మంటుంది. మాకు వినిపించలేదు. చివరకు మూలుగు వస్తుండగానే బ్రేకుమీద కాలు తేలికగా ఆనించాడు. మూలుగు అలాగే ఉన్నది, దానిమీద కీచుమనే అరుపు వచ్చి చేరింది. అంటే రెండు వేరువేరు సంగతులన్నమాట. మనమరాలు కాగితంమీద రెండు గళ్లు గీసింది.

బ్రేకు ఎందుకు కీచుమంటుందో చెప్పటానికి నాకంటె తగినవాడు ఉండడు. ఇన్నేళ్లు నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాశాను. పొడుగు సుద్దముక్కను బల్లకు నిటారుగా పట్టి వ్రాస్తే క్లాసంతా చెవులు మూసుకొనేటట్లు కీచుమంటుంది. సుద్ద బల్లకు ఒక క్షణం అతుక్కొని, ఊడి, మళ్లీ అతుక్కొని, మళ్లీ ఊడుతుంది. సెకనుకు ఎన్నో సార్లు ఇలా జరిగి అది వణుకుతుంది. అదే ముక్కను సగానికి విరిచి ఏటవాలుగా పట్టండి, నోరు మూసుకుంటుంది. బ్రేకులో తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. దానిని రెండు వైపులనుంచి నొక్కేవి ప్యాడ్లు. ప్యాడు సుద్దముక్కలాగే వణికితే కీచుమంటుంది. ప్యాడు వెనక పలుచని రేకు పెట్టటం, ప్యాడు అంచులను ఏటవాలుగా రాయటం ఈ వణుకును ఆపటానికే.

అయితే అన్ని కీచులూ ఒకటి కావు. వాన కురిసిన మర్నాడు పొద్దున్నే కారు తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది. అది రాత్రి డిస్కుమీద పట్టిన తుప్పు, దానంతట అదే రాలిపోతుంది, కంగారు పడనక్కరలేదు. కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుపనాలుక ఉంటుంది. ప్యాడు అరిగి పలుచబడినప్పుడు ఆ నాలుక డిస్కుకు తగిలి, "నన్ను మార్చండి" అని కావాలనే అరుస్తుంది. దానిని లెక్కచేయకపోతే కొన్నాళ్లకు అరుపు పోయి గరగర వస్తుంది. ప్యాడుమీది మందం పూర్తిగా అరిగిపోయి ఇనుము ఇనుమును కోస్తున్నదన్నమాట. అప్పుడిక కారు కదిలించకూడదు. కాలి కింద బ్రేకు దడదడా కొట్టుకుంటూ ఉంటే, డిస్కు మందం అంతటా ఒకేలాగ లేదని అర్థం. హఠాత్తుగా పుట్టిన కర్కశమైన రొద, బ్రేకుతో సంబంధం లేనిది, చాలాసార్లు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కున్న గులకరాయి. కారు నాలుగడుగులు వెనకకు నడిపితే అది రాలిపోవచ్చు.

అంబాసిడరు, పద్మిని వంటి కార్ల పాత మోడళ్లలో ముందుచక్రాలకు డిస్కు ఉండదు, డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ము లోపల లైనర్లు అరిగితే వాటిని పట్టి ఉంచే రివెట్లు తేలి డ్రమ్మును గీస్తాయి. లోపల పేరుకొన్న దుమ్ము కూడా కీచుమనిపిస్తుంది. ఆ దుమ్మును నోటితో గాని పంపుతో గాని ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

ఇక షెడ్డులో జరిగినది చెబుతాను. జాకీ ఎత్తటం పెద్దల పని. పెద్దలు కూడా వెనకచక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చదునైన నేలమీద, జాకీ పక్కన గట్టి స్టాండు పెట్టి గాని చేయకూడదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరటం ప్రాణంతో చెలగాటం. మా మనమరాలిని రెండు గజాల దూరంలో నిలబెట్టాను.

మెకానిక్కు ఎడమ ముందుచక్రాన్ని లేపి, ఒక చెయ్యి చక్రం పైన, ఒక చెయ్యి కింద పట్టి ఊపాడు. "టక్కు టక్కు" మని కొద్దిగా ఆడింది. "ఇది బేరింగు కావచ్చు, కింది బాలుజాయింటు కూడా కావచ్చు. తేల్చటం ఎట్లాగో చూడండి మాస్టారూ," అని నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. మళ్లీ ఊపాడు. ఆట మాయమైంది! ఎందుకో చెప్పగలరా? బ్రేకు పడితే ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టుకుంటాయి. చక్రం, దానిని మోసే ఉక్కుదిమ్మ రెండూ ఒకటే అయిపోతాయి. వాటి మధ్యనున్న బేరింగుకు ఆడే వీలు ఉండదు. ఆట బాలుజాయింటులో ఉంటే బ్రేకు తొక్కినా పోదు. నేను ఇన్నేళ్లు సైన్సు చెప్పాను గాని ఇంత చక్కని ప్రయోగం ఎన్నడూ చేయించలేదు. ఆ మాట వాడితో అన్నాను. (కుడి ఎడమలకు పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగు కడ్డీల చివరలు చూడాలి.)

తరువాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి దాని పైనున్న స్ప్రింగుమీద ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. వేళ్లకు ఇసుకలో తిరగలి తిరుగుతున్నట్లు తగిలింది. కుడి పక్క స్ప్రింగు పట్టుకుంటే ఏమీ లేదు. చెవిని మోసగించిన ఇనుము చేతిని మోసగించలేకపోయింది.

బేరింగు బయటకు తీశాడు. సీలు చిరిగి ఉన్నది. గ్రీజు గ్రీజులా లేదు, విరిగిన పాలలాగ తెల్లబడి ఉన్నది. పొన్నూరు దారి నీళ్లు! బయటి వలయం ఒకచోట వేడికి నీలంగా మారింది. "ఇంకా ఎన్నాళ్లు నడిచేది?" అని అడిగాను. "నెలో, వారమో చెప్పలేమండి. బిగుసుకుపోతే చక్రం తిరగదు, అరిగి వదులైపోతే చక్రమే ఊడివస్తుంది," అన్నాడు. ఈ కారులోనే గదా ఒంటికంటి కట్టుతో ఉన్న మనిషిని కూర్చోబెట్టుకొని జాతీయ రహదారిమీద పోతున్నాను అనుకున్నాను. ఆ పూట అన్నం సహించలేదు.

కొత్త బేరింగును వాడు సుత్తితో కొట్టలేదు, ప్రెస్సులో పెట్టి బయటి వలయంమీదనే ఒత్తి దింపాడు. లోపలి వలయంమీద కొడితే ఆ దెబ్బ గోళీలగుండా గాడికి తగిలి, కొత్త బేరింగులోనే సొట్టలు పడి, మొదటి రోజునుంచే మూలుగుతుంది. ప్యాడ్లు చూస్తే అరిగి అగ్గిపుల్ల మందానికి వచ్చాయి. రెండు పక్కలా జత మార్చాము. ఒక పక్కనే మార్చితే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

మీ నాన్నగారి కారు దూరప్రయాణం చేసి వచ్చినప్పుడు మీరు చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. ఆయన అనుమతితో, అరచెయ్యి వెనకభాగాన్ని చక్రానికి జానెడు దూరంలో ఉంచి, ముట్టుకోకుండా, రెండు ముందుచక్రాల వేడిని పోల్చి చూడండి. ముట్టుకోవద్దని ఎందుకంటున్నానో లెక్క చూడండి. మనుషులతో కలిపి 850 కిలోల కారును 60 వేగంనుంచి ఒకసారి ఆపితే పుట్టే వేడి, ఒక లీటరు నీటిని 28 డిగ్రీలు వేడెక్కించటానికి చాలు. అందులో ఎక్కువభాగం ముందు బ్రేకులదే. రెండు చక్రాలు సమానంగా వేడెక్కితే మంచిదే. ఒకటి మాత్రం మరీ కాగుతూ ఉంటే, అక్కడ ప్యాడు వదలకుండా పట్టుకుంటున్నదో, బేరింగు ఎండిపోతున్నదో అయి ఉంటుంది. వెంటనే పెద్దలకు చెప్పండి. వారు "నీకు తెలియదు, పడుకో" అన్నా మళ్లీ చెప్పండి.

కార్తికమాసంలో మళ్లీ గుంటూరు వెళ్లాము. మనమరాలు సెలవులైపోయి వాళ్ల ఊరు వెళ్లింది గాని, దారిలో ఉండగానే ఫోను చేసింది. "కుడివైపు తిరిగావా తాతయ్యా? ఏమన్నది?" అని అడిగింది. కారు పక్కకు ఆపి ఫోను ఎత్తిన వాళ్ల అమ్మమ్మ, "ఏమీ అనలేదు తల్లీ. మీ తాతయ్య కూడా ఏమీ అనటం లేదు," అన్నది.

పాత బేరింగులు రెండూ కడిగి నా బల్లమీద పెట్టుకున్నాను. ఎడమది చెవి దగ్గర పెట్టి తిప్పితే కరకరమంటుంది. కుడిది ఇప్పటికీ చప్పుడు చేయదు.